నీటి మొక్కల తొట్టికి అడుగు మట్టి: మన తిరుపతి నీళ్లకు ఏది వేయాలి, ఎలా కాపాడుకోవాలి

తిరుపతి, రేణిగుంట, చిత్తూరు వైపు నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ దాదాపు ఒకటే మాట. "అక్వేరియంలో మొక్కలు పెట్టినాను, నెల తిరక్కుండానే కరిగిపోయినాయి. ఏ సాయిల్ కొనాలి?" నేను తిరిగి ఒకటి అడుగుతాను: మీరు తొట్టికి పోసేది బోరు నీళ్లా, కొళాయి నీళ్లా? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. అడుగు మట్టిని ఎంచుకోవడం మాత్రం ఇక్కడి నుంచే మొదలు కావాలి.

మా వీధి బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు, అంటే నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది, ముంచితే 800 దాటి చూపిస్తుంది. బకెట్ అంచున తెల్లటి గార కడుతుంది. ఇలాంటి నీళ్లలో ఖరీదైన ఆక్వా సాయిల్ వేస్తే ఏమవుతుందో నేను చూశాను. ఆ సాయిల్ అంటే కాల్చిన బంకమట్టి గుళికలు. నీళ్లలోని కార్బొనేట్లను పట్టుకుని పీహెచ్‌ను 6.5 దగ్గరికి దించడం దాని పని (పీహెచ్ అంటే నీటి పులుపు గుణం చెప్పే అంకె, అంకె తగ్గితే పులుపు ఎక్కువ). నీళ్లు మెత్తగా, అంటే సున్నం తక్కువగా ఉంటే ఆ శక్తి ఏడాదిన్నర, రెండేళ్లు వస్తుంది. మా బోరు నీళ్లకు నాలుగు నెలల్లో అయిపోయింది, పీహెచ్ మళ్లీ 8కి వచ్చింది. గుళికలు మిగిలాయి, వాటిని కొన్నందుకు ప్రయోజనం మిగల్లేదు. అందుకే ముందు నీళ్లు చూసుకోండి, సంచి తర్వాత కొనండి.

మీకు ఏది సరిపోతుంది

నీళ్లు టీడీఎస్ 250 లోపు ఉంటే, అంటే ఆర్వో నీళ్లు కలుపుకోగలిగితే, ఆక్వా సాయిల్ పెట్టండి. రోటాలా, హెయిర్‌గ్రాస్ లాంటి సుకుమారమైన మొక్కలు పెంచాలనుకునేవాళ్లకు అదే మంచిది. మా నీళ్లయితే ఒక బకెట్ బోరు నీళ్లకు మూడు బకెట్ల ఆర్వో కలిపితే టీడీఎస్ 240 దగ్గరికి వస్తుంది. ప్రతి వారం ఇంత మోయగలరా అన్నది మీరే ఆలోచించుకోవాలి. ఒక్క వారం బద్ధకించి నేరుగా బోరు నీళ్లు పోసినా సాయిల్ ఆయుష్షు తగ్గుతుంది.

మోయలేమంటే రెండు దారులున్నాయి. ఒకటి, కడిగిన ఇసుక వేసి అందులో రూట్ ట్యాబ్లెట్లు, అంటే వేళ్ల దగ్గర గుచ్చే ఎరువు బిళ్లలు పెట్టడం. రెండోది, అడుగున ఎర్రమట్టి పరిచి పైన ఇసుకతో కప్పడం. మొదటిసారి తొట్టి పెట్టేవాళ్లకు, పిల్లలున్న ఇంటికి, అద్దె ఇల్లు మారుతూ ఉండేవాళ్లకు ఇసుక, ట్యాబ్లెట్లే చెబుతాను. శుభ్రంగా ఉంటుంది, తప్పు జరిగినా సరిదిద్దుకోవచ్చు. మొక్కలు మాత్రం ఎర్రమట్టిలోనే పుష్టిగా వస్తాయి. మన జిల్లాల ఎర్రమట్టిలో ఇనుము దండిగా ఉంటుంది, నీటి మొక్కలకు అది కావాలి. సేంద్రియ పదార్థం తక్కువ కాబట్టి కుళ్లేది కూడా తక్కువ. ఓపిక ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే, కింద వివరంగా రాసింది కూడా దీని గురించే.

గట్టి నీళ్లకు తట్టుకునే మొక్కలు వాలిస్నేరియా, అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్ వెండ్టీ. మూడూ వేళ్లతోనే ఎక్కువగా తింటాయి కాబట్టి అడుగు మట్టి మీద పెట్టిన ఖర్చు వాటికి దక్కుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ మాత్రమే పెట్టుకునేవాళ్లు మట్టి జోలికే పోనక్కరలేదు. వాటిని రాయికో కట్టెకో దారంతో కట్టేయండి. వాటి దుంపను మట్టిలో పూడిస్తే కుళ్లిపోతుంది.

కావలసినవి (60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు తొట్టికి)

- ఎర్రమట్టి, జల్లించాక 4 లీటర్లు
- బాగా మాగిన వానపాముల ఎరువు, అర లీటరు
- 1 నుంచి 3 మిల్లీమీటర్ల ఇసుక, సుమారు 10 కిలోలు
- రెండు జల్లెడలు: ఒకటి సన్నది, ఒకటి ముతకది
- టార్పాలిన్ పట్ట, పెద్ద టబ్బు, మూత ఉన్న గాజు సీసా
- వెనిగర్, టీడీఎస్ మీటరు, అమ్మోనియా, నైట్రైట్ (రెండూ చేపలకు విషం) చూసే చుక్కల కిట్లు

తొట్టి కొలత వేరైతే లెక్క సులువే. పొడవు, వెడల్పు, పొర మందం సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. పై కొలతకు రెండున్నర సెం.మీ. మట్టి అంటే 4.5 లీటర్లు. లీటరు ఇసుక ఒకటిన్నర కిలోకి కొంచెం పైనే తూగుతుంది.

చేసే పద్ధతి

1. మట్టి ఎక్కడిది అన్నదే సగం పని. ఇల్లు కట్టడానికి పునాది తీస్తున్న చోట, రెండు మూడు అడుగుల కింది నుంచి వచ్చిన ఎర్రమట్టి మంచిది. అడిగి ఒక బకెట్ తెచ్చుకోండి. మామిడి తోటల్లోది, టమోటా మళ్లలోది వద్దు, మందులు కొట్టి ఉంటారు. చెరువు పూడిక మట్టి బంకగా, మరీ సన్నగా ఉంటుంది. చుట్టుపక్కల పొలాల ఎరువంతా దాంట్లోకే కొట్టుకొచ్చి ఉంటుంది, నేను వాడను.

నర్సరీల్లో కలిపి అమ్మే కుండీ మట్టిని అసలు తేకండి. ఒకసారి తొందరలో నేను అదే తెచ్చి వేశాను. మూడో రోజు పొద్దున లైటు వేసేసరికి గప్పీలన్నీ నీటి పైపొరకు నోళ్లు పెట్టి ఉన్నాయి, మధ్యాహ్నానికి పదకొండు పోయాయి. తర్వాత సంచి అడుగున మిగిలిన మట్టిని విదిల్చి చూస్తే వేపపిండి, సగం మాగిన పేడ కనిపించాయి. పూలమొక్కకు అవి మేలు చేస్తాయి, చేపకు విషం. కొబ్బరి పొట్టు ఉన్నా ఇబ్బందే, పైకి తేలుతూనే ఉంటుంది.

2. గుప్పెడు మట్టి పళ్లెంలో వేసి దాని మీద వెనిగర్ పోసి చెవి దగ్గర పెట్టుకోండి. బుస్సుమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు. మన వైపు లోతు మట్టిలో తెల్లని సుద్ద గడ్డలు అక్కడక్కడ ఉంటాయి. వాటిని ఏరేసి మళ్లీ చూడండి. ఇంకా పొంగితే ఆ మట్టి వద్దు. ఇసుకకూ ఇదే పరీక్ష. వెనిగర్ లేకపోతే నిమ్మకాయ పిండినా సరే.

3. మట్టిని ముతక జల్లెడలో జల్లించి రాళ్లు, వేళ్లు తీసేయండి. టబ్బులో వేసి నిండా నీళ్లు పోసి ఒక రాత్రి ఉంచండి. పొద్దున చేత్తో కలియబెట్టి కాసేపు ఆగితే చెత్త పైకి తేలుతుంది. దాన్ని నీళ్లతో సహా వంచేయండి. మిగిలిన బురదను మిద్దె మీద పట్ట పరిచి రెండు వేళ్ల మందాన ఆరబెట్టండి. నెర్రెలిచ్చేదాకా ఎండాలి. ఇలా నానబెట్టడం, ఎండబెట్టడం మూడు నాలుగు సార్లు చేయాలి. చేపలకు చేటు చేసే అమ్మోనియా తొట్టిలోకి రాకముందే ఇక్కడ చాలావరకు పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు ఒక్కో విడత ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, అప్పుడు వారం పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే వేసవిలోనే ఒక గోనె సంచి మట్టి సిద్ధం చేసి పెట్టుకోమని అందరికీ చెబుతాను.

ఆఖరి విడత ఎండాక వానపాముల ఎరువు కలపండి. ఎనిమిది పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు మించకూడదు. "ఇంకొంచెం వేస్తే ఇంకా బాగా వస్తాయి కదా" అని వేసినవాళ్ల తొట్లన్నీ నెల తర్వాత పచ్చటి నాచుతో నిండిపోవడం చూశాను.

4. సీసా పరీక్ష. ఈ ఒక్క మెట్టు మాత్రం దయచేసి దాటేయకండి. శుభ్రమైన గాజు సీసాలో రెండు వేళ్ల మందం మట్టి, దాని మీద రెండు వేళ్ల ఇసుక వేసి, మీరు తొట్టికి పోయబోయే నీళ్లే మెల్లగా పోయండి. పోసే ముందు ఆ నీళ్ల టీడీఎస్ రాసిపెట్టుకోండి. సీసాను కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట పది రోజులు ఉంచండి.

రెండో రోజుకు నీళ్లు తేటపడాలి. పలచటి టీ రంగు వచ్చినా ఫర్వాలేదు. పాలలా తెల్లగా ఉంటే, మూత తీయగానే మురుగు వాసన కొడితే మట్టిలో కుళ్లేది ఎక్కువుంది, ఇంకో రెండు విడతలు నానబెట్టి ఎండబెట్టండి. పదో రోజున మళ్లీ మీటరు ముంచండి. మొదటి అంకె మీద వందకు పైగా పెరిగితే మట్టిలో ఉప్పో, రసాయన ఎరువో ఉందని నేను లెక్కేసుకుని ఆ మట్టి పారబోస్తాను. అమ్మోనియా కూడా చూడండి, కొద్దిగా ఉండడం మామూలే. రంగు కార్డులో ఆఖరి గడిదాకా ముదిరితే వద్దు.

5. ఇసుకను బియ్యం కడిగినట్టు కడగాలి. బకెట్‌లో మూడో వంతు మించకుండా వేసి, నీళ్లు పట్టి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి తిప్పి వంచేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా పది పన్నెండు సార్లయినా పడుతుంది. సన్న జల్లెడలో కిందికి దిగిపోయే పొడిని వాడకండి, అది తొట్టిలో అట్టకట్టి వేళ్లకు గాలి ఆడనివ్వదు. ముతక జల్లెడ మీద ఆగిన గులకరాళ్లూ వద్దు, వాటి సందుల్లోంచి మట్టి పైకి వస్తుంది. ఎం-శాండ్ (రాళ్లు నలగ్గొట్టి చేసే ఇసుక) గరుకు అంచులతో ఉంటుంది, అడుగున మీసాలతో వెతుక్కునే కోరిడోరాస్ లాంటి చేపలున్న తొట్టికి పనికిరాదు. చెన్నై నుంచి తెచ్చిన సముద్రపు ఇసుకలో ఉప్పు, గవ్వలు రెండూ ఉంటాయి. పాలరాయి ముక్కలు కూడా వేయకండి, అసలే గట్టిగా ఉన్న నీళ్లను ఇంకా గట్టిపరుస్తాయి. గ్రానైట్ చిప్స్‌తో ఆ బాధ లేదు.

ఆక్వా సాయిల్ అయితే మాత్రం కడగకూడదు. గుళికలు చితికి బురదైపోతాయి. సంచి విప్పి నేరుగా వేయడమే.

6. తొట్టిని దాని శాశ్వతమైన చోట పెట్టాకే మట్టి వేయండి. నీళ్లు, ఇసుక కలిపి ఈ కొలత తొట్టి 80 కిలోలు దాటుతుంది, తర్వాత జరిపితే గాజు అతుకులు వదులుతాయి. మట్టిని కొద్ది నీళ్లతో సంగటి ముద్దలా కలపండి. చేత్తో పట్టుకుంటే నిలవాలి, కారిపోకూడదు. అద్దాల అంచుల నుంచి రెండు వేళ్లు వదిలేసి, మధ్యలో రెండున్నర సెం.మీ. మందాన పరచండి. అంచులు ఇసుకతో నింపితే బయటి నుంచి బురద కనిపించదు, అద్దం పక్కన నాచు కూడా పట్టదు. మట్టిని ఇంతకంటే మందంగా వేస్తే అడుగున ఊపిరాడక నల్లబడుతుంది.

పైన ఇసుక ముందువైపు 3 సెం.మీ., వెనకవైపు 4 సెం.మీ. వచ్చేలా వేయండి. ఇసుక తడిగా ఉంటే మట్టిలోకి దిగిపోదు.

7. ఇసుక మీద ఒక పళ్లెం పెట్టి, నీళ్లను దాని మీద చెంబుతో పోయండి. పైపు నేరుగా పెట్టకండి. మూడో వంతు నిండాక ఆపి మొక్కలు నాటండి, అప్పుడు చెయ్యి సులువుగా ఆడుతుంది. వేళ్లను రెండు అంగుళాల దాకా కత్తిరించి, పట్టకారుతో వాలుగా గుచ్చి, కొంచెం పైకి లాగండి. వాలిస్నేరియా, స్వోర్డ్ మొక్కల్లో ఆకులు, వేళ్లు కలిసే తెల్లని మొదలు ఇసుక పైనే ఉండాలి. మొదటి రోజే వీలైనంత ఎక్కువ మొక్కలు పెట్టండి. తీసుకునే వేళ్లు లేకపోతే మట్టిలోని సత్తువంతా నీళ్లలోకి, అక్కణ్ణించి నాచుకు పోతుంది.

కొళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్‌లో ఉంచి లేదా క్లోరిన్ విరిచే చుక్కలు వేసి పోయండి.

8. ఇప్పుడు ఆగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు చేపలు వద్దు. మొదటి రెండు వారాలు రెండు రోజులకోసారి, తర్వాత వారానికి రెండుసార్లు సగం నీళ్లు మార్చండి. కొత్త ఆక్వా సాయిల్ కూడా మొదట్లో అమ్మోనియా బాగా వదులుతుంది, దానికి మొదటి వారం రోజూ మార్చాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా మూడు రోజులు సున్నా చూపించాకే చేపలు వేయండి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. నీటి పీహెచ్ 7లో ఉన్నప్పటికంటే 8లో ఉన్నప్పుడు అదే అమ్మోనియాలో విషంగా మారే భాగం దాదాపు పది రెట్లు. చెన్నైలో మెత్తని నీళ్లు వాడే స్నేహితుడి తొట్టిలో బతికిన చేప మన బోరు నీళ్లలో ఎందుకు చనిపోయిందో దీంతో అర్థమవుతుంది.

ట్యాబ్లెట్లు పెట్టే పద్ధతి

ఇసుక ఒక్కటే వేసినవాళ్లు 5 నుంచి 7 సెం.మీ. మందం ఉంచి, 12 నుంచి 15 సెం.మీ. దూరానికొకటి చొప్పున ట్యాబ్లెట్‌ను అద్దం అడుగుదాకా గుచ్చండి. పెద్ద స్వోర్డ్ మొక్కకు చుట్టూ రెండు మూడు. మూడు నెలలకోసారి కొత్తవి పెట్టాలి. వేసవిలో నీళ్లు వేడెక్కితే తొందరగా కరుగుతాయి కాబట్టి రెండున్నర నెలలకే చూసుకోండి. ఎర్రమట్టి తొట్టికి మొదటి ఏడాది ఇవి అక్కరలేదు.

పొలానికి వాడే డీఏపీ, యూరియా, 19:19:19 గుళికలు తక్కువలో వస్తాయని ఇసుకలో పెట్టకండి. ఒక్క గుళిక పైకి తేలినా అమ్మోనియా చేపలను తుడిచిపెట్టేస్తుంది.

వేర్లు పట్టాయా, మట్టి బాగుందా: చూసే తీరు

నెల తర్వాత మొక్కను రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగండి. గట్టిగా పట్టుకుని ఉంటే వేరు దిగింది. క్రిప్టోకొరైన్ మొదటి రెండు వారాల్లో ఆకులన్నీ జారిపోయి మొండిగా మిగలొచ్చు. పీకి పారేయకండి, వేళ్లు బతికే ఉంటాయి, మూడు నాలుగు వారాల్లో కొత్త ఆకు వస్తుంది. పాత ఆకులు పోవడం చూసి కంగారుపడొద్దు, కొత్తవి ఎలా వస్తున్నాయో చూడండి. కొత్త ఆకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. గట్టి నీళ్లలో ఇనుమును నీళ్లలో పోసినా ఎక్కువసేపు నిలవదు, వేళ్ల దగ్గరే పెట్టాలి. పాత ఆకులు పసుపుబారితే నత్రజని తక్కువ. పాత ఆకుల్లో సూదితో గుచ్చినట్టు చిల్లులు పడితే పొటాషియం తక్కువ.

మట్టి సంగతి తెలుసుకోవడానికి నెలకోసారి టెంకాయ చీపురు పుల్ల తీసుకుని ఇసుకలో అద్దం తగిలేదాకా గుచ్చండి. అరచేతి వెడల్పు దూరానికొకటి. పైకి తీసి కొసను వాసన చూడండి. తొలకరి మట్టి వాసన, లేదా ఏ వాసనా లేకపోతే అంతా బాగుంది. పుల్ల గుచ్చినప్పుడు చిన్న బుడగలు నాలుగైదు వచ్చి ఆగిపోవడం కూడా మామూలే. కుళ్లిన గుడ్డు వాసన కొట్టి, పుల్ల కొస నల్లబడి, పెద్ద బుడగలు బుడబుడమంటే అక్కడ గాలి ఆడడం లేదు. అలాంటప్పుడు మొత్తం కలియబెట్టకండి. అడుగున చేరిన ఆ కుళ్లు వాయువు ఒక్కసారిగా నీళ్లలోకి వస్తే చేపలు పోతాయి. రోజుకు రెండు మూడు చోట్ల మాత్రమే గుచ్చుతూ, పక్కన ఎయిర్ పంపు పెట్టి, వారం రోజుల్లో నెమ్మదిగా వదిలించండి. ఆ చోట వాలిస్నేరియా నాటితే దాని వేళ్లు ఆక్సిజన్‌ను కిందికి తీసుకెళ్తాయి. మలేషియన్ ట్రంపెట్ నత్తలు పది వేసినా ఇసుకను లోపల్లోపల తిరగేస్తూ ఉంటాయి, కాకపోతే తిండి ఎక్కువ వేస్తే అవి వందలవుతాయి.

వారానికి, నెలకు చేయాల్సినవి

నీళ్లు మార్చేటప్పుడు పైపును ఇసుకలోకి గుచ్చి గుంజకండి. మట్టి తొట్లు చెడిపోవడానికి ఎక్కువగా కారణం ఇదే. పైపు మూతిని ఇసుకకు ఒక వేలు ఎత్తున పట్టుకుని, పైన పేరుకున్న చెత్తనే లాగండి. మొక్కలు దట్టంగా ఉన్న చోట అదీ అక్కరలేదు, అది వాటికి ఎరువే.

మొక్క పెరిగితే కొసలు కత్తిరించండి, పీకొద్దు. పీకక తప్పకపోతే ముందు కత్తెరను ఇసుకలోకి దింపి చుట్టూ వేళ్లు కోసి, ఒక చేత్తో ఇసుకను అదిమి పట్టి, మెల్లగా తీయండి. బురద లేస్తే ఆ రోజే సగం నీళ్లు మార్చి, ఆ చోట గుప్పెడు కడిగిన ఇసుక వేయండి.

మన ఎండాకాలం మట్టికీ పరీక్షే. నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, అడుగున కుళ్లడం ఎక్కువవుతుంది. మూత తీసి చిన్న ఫ్యాను నీళ్ల మీదికి పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి. బోరు నీళ్లే పోస్తూ పోతే ఆవిరయ్యేది నీరు మాత్రమే, సున్నం తొట్టిలోనే పేరుకుంటుంది. కరెంటు పోయిన రాత్రి మట్టి తొట్టిలో చేపలకు ముందుగా ఇబ్బంది వస్తుంది, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

ఏడాది దాటాక ఎర్రమట్టి తొట్టిలో కూడా ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడు మట్టి మార్చకుండా పెద్ద మొక్కల మొదట్లో ట్యాబ్లెట్లు పెట్టడం మొదలుపెడితే చాలు, ఇంకో రెండేళ్లు నడుస్తుంది. గుళికలన్నీ పొడై బురదగా మారిన ఆక్వా సాయిల్‌ను, ఎంత గుచ్చినా నల్లగానే ఉంటున్న మట్టిని మాత్రం తీసేయాల్సిందే. ఆ పని చేపలు తొట్టిలో ఉండగా చేయకండి. పాత నీళ్లు, పాత ఫిల్టరు, ఎయిర్ పంపుతో వాటిని ఒక పెద్ద టబ్బులోకి మార్చండి. మొక్కలు తీసి తడి గుడ్డలో చుట్టి నీడలో పెట్టండి. మట్టిని చేటతో ఎత్తి, తొట్టి కడిగి, కొత్తది వేశాక చేపలను అదే రోజు తిరిగి వేయొద్దు. టబ్బులో వారం పది రోజులున్నా వాటికేమీ కాదు. టబ్బు నీళ్లు రోజూ కొద్దికొద్దిగా మారుస్తూ ఉండండి, తొట్టి నీళ్లలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ వరుసగా మూడు రోజులు సున్నా చూపించాకే చేపలను తొట్టిలోకి దించండి.